గేటు పడితే ఆగాలి

1961 ఎండాకాలం సెలవులు ముగియగానే నన్ను వికారాబాద్ నుంచి తాండూరులోని ఒక బాలికల పాఠశాలకు బదిలీ చేశారు. నేను సెకండరీ గ్రేడ్ టీచర్ని. ఒకటో తరగతి అప్పగించారు. ఆ చిన్నపిల్లల మధ్య పదమూడేళ్ల నర్సమ్మ కూర్చునేది. వయసుకు తగ్గ తెలివి రాని పిల్ల. హాజరు పట్టీలో పేరు లేదు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చే రోజు ఇంటి దగ్గరే ఉంచుకొమ్మని వాళ్లమ్మకు కబురు వెళ్లేది.

వాళ్లమ్మ సాయమ్మ నాపరాళ్ల గనిలో కూలి. ఇల్లు రైలు పట్టాలకు అవతల. పొద్దున బిడ్డను పట్టాలు దాటించి బడిలో దింపి వెళ్తే పనికి ఆలస్యమయ్యేది, మేస్త్రీ వెనక్కి పంపేవాడు. అందుకని చాలా రోజులు బిడ్డ కాలికి తాడు వేసి గుంజకు కట్టి పోయేది. ఎందుకిలా అని అడిగాను. "ఏం జెయ్యమంటవు పంతులమ్మా, ఇడిస్తె పట్టాల మీదికి పోతది" అంది.

ఆ మాట విన్నాక అక్షరాలు పక్కన పెట్టి పట్టాలు దాటడం నేర్పసాగాను. ఇలాంటి పిల్లలకు పనిని ముక్కలు చేసి నేర్పాలి, మన సాయం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవాలి. గేటు పడితే ఆగు, లేస్తే నడువు. అంతే పాఠం. మొదట చెయ్యి పట్టుకున్నాను. తర్వాత వేలు మాత్రం ఇచ్చాను. తర్వాత పక్కన, ఆపైన వెనక నడిచాను. బండి కూత వినబడితే నేను ఒక అడుగు ముందుకు వేసేదాన్ని; పిల్ల మాత్రం గట్టిగా నిలబడేది.

చలికాలానికి ఒంటరిగా రాసాగింది. బడి లేని రోజుల్లో మాత్రం సాయమ్మ ఇంకా తాడు కట్టేది. ఒకరోజు రాలేదు. పాఠం చెబుతున్నానేగాని కళ్లు వాకిలి మీదే ఉన్నాయి. పలక మీద ఏం రాయించానో గుర్తులేదు. చివరికి తరగతిని పెద్ద పంతులమ్మకు అప్పజెప్పి బయలుదేరాను. సగం దారిలో పరుగందుకున్నాను.

గేటు అవతల ఎండలో నిలబడి ఉంది. గేటు ఎత్తే గొలుసు తెగి పొద్దుటి నుంచి లేవడం లేదు. జనం కింద నుంచి దూరి పోతున్నారు. బండి లేదు, పొమ్మని ఎంత చెప్పినా ఈ పిల్ల కదలలేదని గేట్‌మన్ అన్నాడు. పిల్ల పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి, "గేటు లేస్తలేదు టీచరమ్మా" అంది.

సాయంత్రం సాయమ్మకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "అయితె పట్టాల మీదికి పోలే" అంది. ఆనాటి నుంచి తాడు కట్టలేదు.

నాకు మాత్రం నిమ్మళం లేకపోయింది. మర్నాడే కొత్త పాఠం మొదలుపెట్టాను: ఏం చెయ్యాలో తోచనప్పుడు గేట్‌మన్ దగ్గరికి పోయి "అన్నా, దాటియ్యి" అనడం. గేటు పాఠం కంటే దీనికే ఎక్కువ కాలం పట్టింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇలాంటి పిల్లలు ఎవరు వచ్చినా, నియమం కంటే ముందు ఎవరిని అడగాలో నేర్పాను. ఏ నియమమైనా ఒకనాడు పనిచెయ్యదు. ఆనాడు టీచరు పక్కన ఉండదు.