ముప్పై ఎనిమిదేళ్లకు నేర్చిన ఈత

ఎనిమిదేళ్లప్పుడు మేనత్తవాళ్ల పొలం బావిలో పడ్డాను. ఎవరో జుట్టు పట్టి పైకి లాగారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు ఏ నీళ్లలోనూ తల ముంచలేదు.

రెండేళ్ల కిందట బహదూర్‌పల్లిలో, మా చర్చిలో బాప్తిస్మానికి పేరిచ్చాను. తెల్లచీర కట్టుకుని నీళ్ల తొట్టిలోకి దిగాను. పాస్టరుగారు వీపు కింద చెయ్యి పెట్టి వెనక్కి వంచబోయేసరికి ఆయన చొక్కా పట్టుకుని పెనుగులాడాను. మెట్లెక్కి తడిచీరతోనే బయటికి పరుగెత్తాను. ఆయన తప్పుపట్టలేదు. కానీ తర్వాతి వారం ఆడవాళ్ల ప్రార్థనలో ఒక పెద్దామె, నా విశ్వాసం చిన్నదని, అది పెరగాలని అందరూ ప్రార్థించమని చెప్పింది. నా ముందే ప్రార్థించారు. వాళ్లందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నాకు దేవుడి మీద అనుమానం లేదు, నీళ్లంటే భయం, అంతే. రెండూ ఒకటి కావని అక్కడ ఎవరికీ తోచలేదు. వాళ్లు చెప్పిందే నిజమేమోనని నాలుగు రోజులు నేనూ కుమిలిపోయాను. ఐదో రోజు ఒళ్లు మండింది. ఈత నేర్చుకుని తీరాలనుకున్నాను.

కొంపల్లిలో ఈత నేర్పేచోట అడిగాను, కానీ ఆడవాళ్లకు నేర్పే వేళల్లో నేను దూలపల్లిలో సీసా మూతల కంపెనీలో పనిలో ఉంటాను. అప్పుడు మా ఆయన, శామీర్‌పేట అవతలి ఊళ్లో ఉండే వాళ్ల పెద్దమ్మ సంగతి చెప్పాడు. అరవై దాటినా ఆమె ఇంకా తమ బావిలో ఈదుతుందట.

ఆదివారం చర్చి కాగానే బండి మీద వెళ్లాం. ఆమె నన్ను ఎగాదిగా చూసి, రెండు ఖాళీ నూనె క్యాన్లు పాత చీరతో నా వీపుకు కట్టింది. మొదటి వారం మెట్టు మీద కూర్చుని కాళ్లు తడిపాను. రెండోవారం మెడదాకా దిగాను. మూడోవారం మొహం ముంచమంది.

"నాతోని కాదత్తమ్మా" అన్నాను.

"కాకుంటె ఇంటికి వో బిడ్డా. భయం వోయినంక దిగుత అంటె ఎన్నడు దిగవు. భయంతోనే దిగు."

కోపమొచ్చింది. ఆ కోపంతోనే మునిగాను. ముక్కులోకి నీళ్లు పోయి దగ్గుతూ లేచాను. ఆమె పక్కనే ఉంది, చెయ్యి మాత్రం ఇవ్వలేదు. మళ్లీ మునగమంది.

ఎండలు ముదిరేసరికి ఒక క్యాను తీసేసింది. ఒకరోజు మోటారు బాగుచేయడానికి వచ్చిన ఇద్దరు మగవాళ్లు గట్టు మీద నిలబడి, ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వుకున్నారు. ఇదివరకైతే ముడుచుకుపోయేదాన్ని.

"మీరు మోటర్ జూడనీకి వచ్చిన్రా, నన్ను జూడనీకి వచ్చిన్రా?" అని నీళ్లలోంచే అడిగాను. వాళ్లు పనిలో పడ్డారు.

రెండో క్యాను కూడా తీసేసిన రోజు, ఈ గోడ నుంచి ఆ గోడకు ఒక్కదాన్నే బయలుదేరాను. నడిమికి వచ్చేసరికి కాళ్ల కింద ఎంత లోతుందో గుర్తొచ్చింది. ఎనిమిదేళ్లప్పటి భయమే, ఏమాత్రం తగ్గలేదు. అయినా చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఎదుటి గోడ రాయి చేతికి తగిలినప్పుడు పెద్దగా ఏడ్చాను.

ఆ వానాకాలంలో బాప్తిస్మం తీసుకున్నాను. బయటికి రాగానే ఆ పెద్దామె, తమ ప్రార్థన ఫలించిందని సంతోషపడింది.

"మీ ప్రార్థనకు దండమమ్మా. ఈత మాత్రం నేనే నేర్సుకున్న" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. నాకేమీ బాధ కలగలేదు.

పని అయిపోయింది కదా, ఇంకా బావికెందుకని మా ఆయన అడిగాడు. నాకు ఈదాలనుంది అని చెప్పాను. ఇప్పటికీ వెళ్తున్నాను. మొన్న ఎండాకాలంలో ఎవరూ చెప్పకుండానే గట్టు మీది నుంచి దూకాను. అత్తమ్మ మెట్టు మీద కూర్చుని, కాళ్లు దగ్గరకు పెట్టుకుని దూకమంది. పైకెక్కి మళ్లీ దూకాను.