గునుగు పూల అంచు

సిరిసిల్లలో ఇప్పుడు వనజ పేరెత్తితే ముఖం చిట్లించేవాళ్ళే ఎక్కువ. చిట్లించుకోనీండి. ఆమె దుకాణానికీ నా దుకాణానికీ మధ్య ఉన్నది ఒక్క రేకు గోడ. మరమగ్గాలకు కావలసిన బోల్టులూ బెల్టులూ అమ్ముకునే ముసలివాణ్ణి నేను, పేరు ముత్తయ్య. ఆమె ఏం చేసిందో, ఏం చేయలేదో నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. అయినా నా మాట వినేదెవరు? అందరికీ చెవులున్నాయి గానీ, అవి వినాలనుకున్నదే వింటాయి.

పెళ్ళయిన కొత్తలో వనజ, ఆమె భర్త వెంకటేశ్ బతుకుదెరువుకు భివండీ వెళ్ళారు. అతను అక్కడ మగ్గాలు నడిపాడు. ఆమె ఊరికే కూర్చోలేదు. పక్కింట్లో ఉండే ఒక మరాఠీ ఆవిడ దగ్గర కంప్యూటర్ మీద చీర అంచులు గీయడం నేర్చుకుంది. తిరిగి ఊరికొచ్చాక వెంకటేశ్ కొమురెల్లి సేటు కార్ఖానాలో పనికి కుదిరాడు. వనజ నా పక్క గది కిరాయికి తీసుకుని డిజైన్ సెంటర్ పెట్టింది. నేతగాడు ఒక పువ్వునో పిట్టనో మనసులో పెట్టుకుని వస్తాడు. ఆమె దాన్ని తెర మీద గళ్ళు గళ్ళుగా గీస్తుంది. ఆ గళ్ళ ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టించి మగ్గానికి ఎక్కిస్తే ఆ పువ్వే అంచులో దిగుతుంది.

ఈ పనిలో చేతి నేర్పు ఎంత ముఖ్యమో గుట్టు దాచడం అంతకంటే ముఖ్యం. అంచు బజారులోకి వచ్చాక ఎలాగూ ఊరంతా కాపీ కొడుతుంది, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ మొదటి ఆర్డరు మాత్రం మొదట చూపించినవాడిదే. అందుకే అంతవరకూ అది పసిబిడ్డ లెక్క, ఎవరి కంటా పడకూడదు. వనజకు దీనికో పద్ధతి ఉండేది. పని పూర్తయ్యాక డిజైన్‌ను నేతగాడి పెన్ డ్రైవ్‌లో వేసి అతని చేతికే ఇచ్చేది. తన దగ్గర నకలు ఉంచుకునేది కాదు. తర్వాత మౌసు అతని ముందుకు జరిపేది.

"నీ చేతితోనే మూసిపో కాకా. నీ మనసుకు నిమ్మలముంటది."

మగ్గం తప్ప ఇంకేదీ ఎరగని ఆ చేతులు మౌసును భయం భయంగా పట్టుకుని, మూలన ఉన్న ఇంటూ గుర్తు మీద నొక్కేవి. దాచుకోవాలా వద్దా అని కంప్యూటర్ అడిగేది. వద్దు అని నొక్కేవాళ్ళు. తెర ఖాళీ అయ్యేది. తలుపుకు తాళం వేసి తాళంచెవి నడుముకు చెక్కుకున్నంత ధీమాగా ఇంటికి పోయేవాళ్ళు. సిరిసిల్లలో వనజను నమ్మడమంటే ఆ ఇంటూ గుర్తును నమ్మడమే. సొంత తమ్ముడికి చూపించని అంచును తెచ్చి ఆమె ముందు పెట్టినవాళ్ళు నాకు తెలుసు.

పాత కంప్యూటర్ ముసలిదైపోయి, కరెంటు పోయినప్పుడల్లా గీసినదంతా మింగేసేది. వనజ తల పట్టుకుని కూర్చునేది. చివరికి కరీంనగర్ నుంచి నరేశ్ అనే మెకానిక్ కొత్తది తెచ్చి బిగించాడు. అందులో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా సరికొత్తది. అతను కుర్చీలో వెనక్కి వాలి చెప్పిన మాటలు రేకు గోడ అవతల నాకు కూడా వినబడ్డాయి.

"ఇగ నువ్వు పరేషాన్ కావద్దక్కా. సేవ్ చేసుడు గీవ్ చేసుడు ఏం లేదు. కరెంటు పోనీ, నువ్వే బంద్ చేయి. మల్ల ఆన్ చేస్తే ఏడ ఇడిసిపెట్టినవో ఆడనే ఉంటది."

నిజంగానే అట్లాగే ఉంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వస్తే, సగం గీసిన పూరేకుతో సహా పువ్వు ఎక్కడిదక్కడే ఉంది. వనజ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "మామా, జర ఇటు రా! సూడు, గీత కూడ పోలే!" అని నన్ను పిలిచి చూపించింది. నాకూ ముచ్చటేసింది. వద్దనుకున్నది కూడా అట్లాగే తిరిగి వస్తుందని ఆ పూట మా ఇద్దరిలో ఎవరికైనా తడితే ఎంత బాగుండేది!

కొత్త కంప్యూటర్ మీద ఆమె పూర్తి చేసిన మొదటి పని బాలమల్లుది. బాలమల్లు చాలా ఏళ్ళు కొమురెల్లి కార్ఖానాలో చేసి, మాటలు పడలేక బయటికొచ్చి, పాత మగ్గాలు ఇంట్లో బిగించుకున్నాడు. అతని పెండ్లాం బాలవ్వ బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలను ఒకదాని పక్కన ఒకటి ఎట్లా నిలబెడుతుందో, అట్లాగే అంచులో నిలబెట్టాలని ఆమె ఆలోచన. హైదరాబాద్‌లో ఒక పెద్ద బట్టల దుకాణం వాళ్ళు కొత్తరకం అంచులు చూస్తామన్నారు. అది నచ్చితే బాలమల్లు తన ఇంట్లో తాను నేసుకుని బతుకుతాడు. నచ్చకపోతే మళ్ళీ కొమురెల్లి గడప తొక్కాలి. అందుకే బాలవ్వ రోజూ వచ్చి వనజ పక్కన కూర్చుని, "ఆ మొన జర వంచు వదినె, గునుగు గట్ల నిక్కి ఉండదు" అని దగ్గరుండి గీయించుకుంది.

పని ముగిసిన సాయంత్రం బాలమల్లు పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని, పైన చేయి పెట్టి ఒత్తి చూసుకున్నాడు. వనజ ఎప్పటిలాగే మౌసు జరిపింది. అతను ఇంటూ గుర్తు మీద నొక్కాడు. ఈసారి అది దాచాలా వద్దా అని అడగలేదు, గమ్మున మాయమైంది. "అడుగుతలేదేందో" అంది వనజ. ఖాళీ తెర చూసి మళ్ళీ తనే, "అడగకపోతే పాయె, పీడ పోయింది" అనుకుంది. కంప్యూటర్ ఆపేసి గుడ్డ కప్పింది.

మర్నాడు పొద్దున్నే కొమురెల్లి వచ్చాడు. తన పాత అంచులో రంగు మార్పించుకోవాలట. వచ్చినవాణ్ణి పొమ్మనలేం కదా. వనజ కుర్చీ వేసింది, కంప్యూటర్ ఆన్ చేసింది, వెనక్కి తిరిగి మార్కండేయ స్వామి పటం ముందు అగరుబత్తి వెలిగించింది. అది ఆమెకు పాత కంప్యూటర్ నాటి అలవాటు. అది లేచేలోగా దండం పెట్టుకోవడం, బొట్టు దిద్దడం అన్నీ అయిపోయేవి. ఈ కొత్తది మాత్రం రెప్పపాటులో లేచింది. లేచి, నిన్న బాలమల్లు తన చేత్తో మూసిన గునుగు పూల అంచును తెర నిండా పరిచి పెట్టింది.

దండం పెట్టుకుని ఇటు తిరిగాక గానీ ఆమె అది చూడలేదు. కొమురెల్లి చేతిలో ఫోన్ ఉంది. ఈ రోజుల్లో ఎవరి చేతిలో లేదు? ఫోటో తీశాడని ఆమెకు తట్టనేలేదు. గబగబా మూసేసింది.

"మంచిగున్నది వనజమ్మా. ఎవలది?"

"ఎవలదైతే మీకెందుకు సేటూ? మీ రంగు ఏందో చెప్పుండ్రి."

అతను నవ్వి, రంగు సంగతి రేపు చూద్దామని లేచి పోయాడు. వాని నోట్లో మన్నుపడ, అప్పటికే వాడి పని అయిపోయింది. రంగు మార్చుకోను మళ్ళీ రానేలేదు.

వనజ వెంటనే నరేశ్‌ను పిలిపించింది. రాగానే తిట్టింది. అతను మాత్రం తాపీగా విడమరిచాడు.

"ఖరాబేం కాలేదక్కా, గది గట్లనే పని చేస్తది. ఇంటూ నొక్కితే కిటికీ మాయమైతది గంతే, ప్రోగ్రాం లోపల పండుకొనే ఉంటది. నువ్వు గీసింది దానంతటదే దాసుకుంటది. పొద్దుగాల లేపితే యాది పెట్టుకొని ముందటేస్తది. నిజంగ ఆపాల్నంటే మెనూలకు పోయి వేరేగ ఆపాలె."

"గా ముచ్చట నాకు ముందుగాల చెప్పొద్దా?"

"ఎవ్వలడగరక్క గిట్ల. అందరికీ గదే కావాలె."

"నాకొద్దు. ఇప్పుడే తీసెయ్."

అతను ఏవో నొక్కి తీసేశాడు, లోపల దాచుకున్నది కూడా తుడిచేశాడు. వనజ గుండె కాస్త కుదుటపడింది. ఒక్క చూపు చూసినంత మాత్రాన ఎవరు గీయగలరు, బాలమల్లుకు చెప్పి ప్రయాణం ముందు అతన్ని ఎందుకు భయపెట్టాలి అనుకుంది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే అనుకుంటారు.

బాలమల్లు చీర నేసుకుని హైదరాబాద్ పోయేసరికి, ఆ దుకాణం బల్ల మీద అదే గునుగు పూల అంచు చీర పరిచి ఉంది. అది కొమురెల్లి కార్ఖానాది. వాడికి మనుషులకు కొదవా, మగ్గాలకు కొదవా? ఫోటో చూసి గీయించి, ముందే నేయించి పంపాడు. దుకాణంవాళ్ళు బాలమల్లు చీరను మడత కూడా పూర్తిగా విప్పకుండా, "పెద్దమనిషి డిజైన్ దొంగతనం చేస్తే ఎట్లా?" అన్నారట. బస్సులో సిరిసిల్ల దాకా ఆ మాట మోసుకొచ్చి, నేరుగా వనజ దుకాణం ముందు దిగాడు. వెనకే బాలవ్వ వచ్చింది. నలుగురూ పోగయ్యారు.

"నా పెన్ డ్రైవ్ నా జేబులనే ఉన్నది," అన్నాడు బాలమల్లు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "నా చేతితోనే మూసిన. మల్ల వానికెట్ల పోయింది చెల్లె?"

వనజ జరిగింది జరిగినట్టు చెప్పింది. మూసినా అది మూసుకోలేదనీ, పొద్దున ఆన్ చేస్తే దానంతటదే తెరుచుకుందనీ చెప్పింది. చెబుతుంటేనే గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మూసింది దానంతటది ఎట్ల తెరుసుకుంటదే? దయ్యమా?"

"సూపిస్త, సూడుండ్రి!" అంది వనజ ఆవేశంగా. గబగబా ఒక పువ్వు గీసింది. ఇంటూ నొక్కి మూసింది. కంప్యూటర్ ఆపి, మళ్ళీ ఆన్ చేసింది. అందరూ మెడలు చాచి చూశారు. తెర లేచింది. నీలం రంగు తప్ప ఏమీ లేదు. నరేశ్‌తో తీసేయించింది తనే కదా! ఆ గాభరాలో అది గుర్తే లేదు పిచ్చిదానికి. గుర్తొచ్చాక ఆ సంగతి చెబితే, అది ఇంకా పెద్ద అబద్ధంలా వినిపించింది.

నరేశ్‌కు ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టింది. "నాకేం యాదికి లేదక్కా. నన్ను గిండ్ల ఇరికియ్యకు, నీ బాంచెన్," అని పెట్టేశాడు. కొమురెల్లి కార్ఖానా కంప్యూటర్లన్నీ చూసేది అతనే. ఎట్లా యాదికుంటుంది?

నేను అడ్డం పోయాను. "నేను పక్కనే ఉన్న. గా పిల్ల ఉన్నదే చెప్తుంది," అన్నాను. "నీ పక్క దుకాణం గదా మామా, నువ్వు గట్లనే అంటవు," అని నా నోరు మూయించారు. అప్పుడే ఎవరో అసలు మాట అనేశారు. "మొగడు కొమురెల్లి కాడ చేస్తుండు. పెండ్లాం డిజైన్ ఇయ్యక ఏం చేస్తది?"

ఆ మాటతో అందరికీ లెక్క సరిపోయింది. బాలవ్వ ముందుకొచ్చి వనజ ముఖంలోకి చూసింది.

"నీకు అంచు కావాల్నంటే, అడిగితే నేనే ఇంకోటి చెప్పి గీయిద్దును గదనే. నాది అమ్ముకుంటివా?"

వనజ ఆమె చేతులు పట్టుకోబోయింది. బాలవ్వ చేతులు వెనక్కి లాక్కుని వెళ్ళిపోయింది.

మిగిలిన కాస్త అనుమానాన్ని కొమురెల్లే తీర్చాడు. ఆ వారంలోనే కార్ఖానాలో అందరి ముందూ వెంకటేశ్‌ను పిలిచి, నేటి నుంచి నువ్వే మేస్త్రీ అన్నాడు. "వనజమ్మకు చెప్పు" అని కూడా అన్నాడు. మంచితనం కాదది, మంటలో పోసిన గ్యాసునూనె. వద్దని చెప్పి రమ్మని వనజ మొగుడి కాళ్ళా వేళ్ళా పడింది. "వద్దంటే మాత్రం ఎవలు నమ్ముతరు? పిల్లగాండ్ల సదువన్న అయితది," అన్నాడు వెంకటేశ్. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే నాకు ఎక్కువ కడుపుమంట.

తర్వాత ఆమె దుకాణానికి నేతగాళ్ళు రావడం మానేశారు. వచ్చింది ఒక్క కొమురెల్లి మనిషే, తమ కార్ఖానాలోనే కూర్చుని గీయమని అడగడానికి. వనజ అతన్ని మెట్టు కూడా ఎక్కనివ్వలేదు. కంప్యూటర్ వచ్చిన ధరకు అమ్మేసి, గది ఖాళీ చేసింది. బాలమల్లు మగ్గాలు ఇనుప సామాన్లవాడు తూకానికి పట్టుకుపోయాడు. ఇప్పుడతను కొమురెల్లి షెడ్డులో, వెంకటేశ్ మేస్త్రీ కింద, తన పెండ్లాం ఊహించిన గునుగు పూలనే నేస్తున్నాడు.

వనజ బీడీలు చుడుతోంది. మొన్న నేను బీడీ కార్ఖానా వాకిట్లోంచి పోతున్నాను. ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని, తలలు దగ్గరకు చేర్చి ఏదో గుసగుసగా చెప్పుకుంటున్నారు. ఎవరింటి సంబంధమో, ఎవరి కోడలి అలకో. ఇంతలో వనజ చాట పట్టుకుని వచ్చింది. గుసగుస టక్కున ఆగిపోయింది.

"ఏం ముచ్చటనే?" అని అడిగింది వనజ, నవ్వు తెచ్చుకుని.

"ఏం లేదక్కా," అంది ఒకామె. "ఎండల ముచ్చట."

వనజ కాస్త దూరంగా, గోడ పక్కన చోటు చూసుకుని కూర్చుంది. కత్తెర తీసి ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.