వాటిల్‌ని పెంచిన వదినగారు

పోయిన వారం మా వదినగారు పోయారు. మా ఆయనకి అక్క. ఇక్కడే, క్రాన్‌బర్న్ అనే శివారు ఊళ్ళో ఒక్కరే ఉండేవారు. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. రోజూ కలిసి నడకకి వెళ్ళే పక్కింటావిడ తలుపు కొట్టి, ఎంతకీ పలక్కపోతే మాకు ఫోన్ చేసింది. మా ఆయన ఫోన్ పట్టుకుని వంటింట్లో గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయి గదిలోంచి వచ్చి, విషయం విని, వాళ్ళ నాన్న పక్కన కూలబడింది. "అత్త నాకు చెప్పకుండా ఎలా వెళ్ళిపోతుంది నాన్నా?" అని ఏడ్చింది. తెలుగులో ఏడ్చింది.

అంత దుఃఖంలోనూ నా మనసు చివుక్కుమంది. ఆ తెలుగు నేను నేర్పింది కాదు. వదినగారిని తలుచుకుంటే నాకు ప్రేమా, కుళ్ళూ కలిసే వస్తాయి. రెండూ విడదీసి రాయడం నాకు చేతకాదు.

ఆవిడ ఫార్మసిస్టుగా ఇక్కడే చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఒకరోజు షాపింగ్ సెంటర్లో చిన్న కోటు తొడుక్కున్న కుక్కపిల్లని చూశారట. చూపులేని వాళ్ళకి దారి చూపించే కుక్కగా తయారు కావడానికి ముందు, ఏడాదిపాటు ఎవరింట్లోనో పెరగాలని దాన్ని పట్టుకున్నావిడ చెప్పిందట. ఆ తర్వాత కొన్నాళ్ళకే వదినగారింటికి లేత పసుపు రంగు లాబ్రడార్ పిల్ల వచ్చింది. పేరు వాటిల్. ఇక్కడ చలికాలం చివర్లో పసుపుపచ్చగా విరగబూసే చెట్టు పేరు.

"ఈ వయసులో మీకెందుకండీ ఈ చాకిరీ?" అన్నాను.

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు? ఉద్యోగం చేసేటప్పుడు నాకు తీరికేదీ?" అన్నారు, నేల తుడుస్తూ.

మా అమ్మాయి మొదట్లో శనివారాలు వెళ్ళేది. తర్వాత బుధవారాలు కూడా. ఇంట్లో నేను ఏమడిగినా "ఫైన్, మమ్" అని తలుపు వేసుకునే పిల్ల, అక్కడ నేలమీద బాసిపట్టు వేసుకుని గంటలు గంటలు కబుర్లు చెప్పేది. కుక్కకి ఇచ్చే ఆజ్ఞలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలి. అందుకని ముద్దుమాటలకి తెలుగు వాడుకుందామని వదినగారు ఓ పద్ధతి పెట్టారు. "సిట్ అన్నామనుకో, అది పని. బంగారుతల్లీ అన్నామనుకో, అది మన సొంత గొడవ" అనేవారు. ఆదివారం తెలుగు బడికి నేను బతిమాలి పంపినా రాని భాష, కుక్కపిల్ల చెవిలో గుసగుసలాడటానికి వచ్చేసింది. వాళ్ళ అత్తని "నువ్వు" అనేది. నేను మాత్రం పెళ్ళయిన నాటినుంచీ "మీరు" దగ్గరే ఆగిపోయాను.

కుక్క కూడా నన్ను అంతంతమాత్రంగానే పట్టించుకునేది. నేను వెళితే తోక ఊపి, వాసన చూసి, తిరిగి వెళ్ళి వదినగారి పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. ఓ పండగనాడు నేను తెచ్చిన గారెల్లోంచి చిన్న ముక్క తుంచి దాని ముందు పెట్టబోయాను. వదినగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"వద్దమ్మా. మన చేతి తిండి అలవాటైతే రేపు హోటల్లో టేబుల్ కింద వెతుక్కుంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చున్నవాళ్ళకి అది కనబడదు కదా."

కోప్పడలేదు. అయినా నాకు మొహం మాడిపోయింది. అది గమనించినట్టున్నారు, వంటింట్లోకి నా వెనకే వచ్చారు.

"నీకు నామీద కోపం కదూ?"

"కోపం కాదండీ."

"మరి కుళ్ళా?"

నేను గారెల గిన్నె ఆవిడ వైపు జరిపాను. ఆవిడ నవ్వి, గారె ఒకటి నోట్లో వేసుకున్నారు. "ఉండనీ. మొగుడూ పిల్లలూ లేని నన్ను చూసి జాలిపడేవాళ్ళే అందరూ. కుళ్ళుకునేదానివి నువ్వొక్కదానివే దొరికావు. నాకు బాగానే ఉంది" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. అంతమాత్రాన కుళ్ళు పోలేదనుకోండి.

ఏడాది గడిచాక వాటిల్‌ని శిక్షణకి అప్పగించాల్సిన రోజు వచ్చింది. కారు నేనే నడిపాను. అక్కడ ఒకమ్మాయి వచ్చి పట్టీ అందుకోగానే వాటిల్ తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. మా అమ్మాయి ఏడుస్తూ వదినగారి భుజం మీద వాలిపోయింది. ఆ పక్కనే నా భుజం కూడా ఉంది.

"వెనక్కి చూడలేదంటే బాగా పెంచామన్నమాటే" అని వదినగారు పిల్లని ఓదార్చారు. తిరుగు దారిలో పిల్ల వెనక సీట్లో నిద్రపోయాక మాత్రం, కిటికీలోంచి చూస్తూ మెల్లగా అన్నారు: "ఎవరికి దక్కుతుందో గానీ, ఆ మనిషంటే నాకిప్పటినుంచే కుళ్ళుగా ఉంది."

"మీకూనా?"

"నేను మాత్రం మనిషిని కానా?"

ఆ ఒక్క మాటతో ఆవిడ నాకు మిగతా బంధువులందరికంటే దగ్గరైపోయారు.

వాటిల్ శిక్షణలో నెగ్గింది. సంగీతం పాఠాలు చెప్పుకునే, చూపులేని ఒక పెద్దాయనకి ఇచ్చారని తెలిసింది, ఫోటో కూడా వచ్చింది. దాన్ని వదినగారు ఫ్రిజ్‌కి అంటించి, "కుక్క బాగా వచ్చింది. ఆయనే కొంచెం అడ్డంగా ఉన్నాడు" అన్నారు. మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

మొన్నటి చలికాలంలో ముగ్గురం డాండెనాంగ్ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని, స్టేషన్లో క్రాన్‌బర్న్ రైలు కోసం నిలబడ్డాం. లిఫ్టు తెరుచుకుంది. ఫోటోలోని పెద్దాయన బయటికి వచ్చారు. ఆయన ఎడమచేతిలో కుక్క ఒంటికి తొడిగిన హార్నెస్ పిడి, పక్కన వాటిల్. మా అమ్మాయి నోరు తెరిచింది.

"పిలవకు, అది పనిలో ఉంది" అన్నారు వదినగారు. మమ్మల్నిద్దర్నీ కూల్‌డ్రింకుల మెషీను వెనక్కి లాగారు.

వాటిల్ ప్లాట్‌ఫాం అంచుకి ముందే ఆగింది. ఆయనా ఆగారు. గాలి మా వైపునుంచి అటు వీస్తోంది. అది తల ఎత్తింది. ముక్కుపుటాలు కదిలాయి, తోక ఒకసారి ఊగింది. వదినగారు దాని మీదినుంచి చూపు తిప్పకుండానే పక్కకి తడుముకుని, అందిన చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి నాది. ఆవిడ గాజు నా మణికట్టులోకి దిగబడేంత గట్టిగా పట్టుకున్నారు. ఆయన వంగి ఏదో అన్నారు. వాటిల్ ఆయన వైపు తిరిగింది. సిటీకి వెళ్ళే రైలొచ్చింది. వాటిల్ తలుపు వెతికి ఆయన్ని లోపలికి తీసుకెళ్ళింది. అద్దంలోంచి సీటు పక్కన దాని తలా, తల మీద ఆయన చెయ్యీ కనిపించాయి.

"ఆ చెయ్యి చూడు, ఎంత దర్జాగా వేసుకున్నాడో" అన్నారు వదినగారు.

రైలు కదిలింది. మా అమ్మాయి రెండు కూరగాయల సంచులూ తనే మోస్తూ మా ముందుకి వచ్చి నిలబడింది. వదినగారు ఇంకా నా చెయ్యి పట్టుకునే, ఖాళీ పట్టాల చివరిదాకా చూస్తున్నారు.