వంక అవతలి చెట్లు

ఇన్నేండ్లూ ఇది నా గుండె మీద బండ మాదిరి ఉండాది. పెండ్లానికి చెప్పలేదు. దేవుని ముందర చేతులెత్తినప్పుడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతాండాను.

రెండో ప్రపంచ యుద్ధకాలం. పెట్రోలు దొరకక బస్సులు బొగ్గులతో నడుస్తాండె. చిక్కబళ్లాపురం, చింతామణి దోవలో పోయే బస్సులకు వెనకాల బొగ్గుల పొయ్యి. ఆ బొగ్గుల కోసం గూళూరు పక్క గుట్టల్లో చిగర, నరేపి చెట్లు కొట్టి బట్టీలు పెట్టినాము. నేను కంట్రాక్టుదారు కింద మేస్త్రీని. చెట్లు కొట్టే పర్మీటు గుట్ట నడుమ పారే వంకకు ఈ తట్టు మాత్రమే. ఈ తట్టు అయిపోయినాక వంక దాటమన్నాడు కంట్రాక్టుదారు. దాటినాము. కూలోళ్లకు గొడ్డళ్లు ఇచ్చింది నేనే.

గంగులప్ప ఆ గుట్ట కింద మేకలు కాసుకునే మనిషి. పని జరిగినన్నాళ్లూ వాళ్లింట్లోనే నాకు సంగటి. జ్వరమొస్తే ఆయన పెండ్లాం లక్ష్మమ్మ కషాయం కాచిచ్చింది. చెట్లు పోయి వంక అవతలి ఊట ఎండిపోతే మేకలకు నీళ్లు యాడ తెచ్చేదన్నా అని గంగులప్ప మెల్లిగా అడిగినాడు. తల ఊపినాను. మరుసటి దినమూ కొట్టించినాను.

అరణ్య ఇలాఖా రేంజరు వచ్చినాడు. వంక అవతలి మోడులు చూసి, నరికింది ఎవరని అడిగినాడు. కంట్రాక్టుదారు నా తట్టు చూసినాడు, అంతే. నేను గంగులప్ప పేరు చెప్పినాను. మేకలకు ఆకు కోసం నరుకుతాండాడని. రేంజరుకూ ఒక పేరే కావాల్సుండె.

గంగులప్పను పిలిపించినారు. ఆయన రేంజరుతో వాదించలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడినాడు.

"అన్నా, నేను నరుకుతాంటే నువ్వు చూసినావా?"

"చూసినాను."

ఆయన తిరిగి రేంజరు వెనకాల నడిచినాడు.

ఎందుకు చెప్పినాను? భయమా? పని పోతాదనా? నిజం చెప్పినా కొట్టిన చెట్లు తిరిగి లేస్తాయా అని చాన్నాళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చెట్లు లేవవు సరే, ఆ మనిషిని కాపాడేదానికి ఒక్క మాట చాలుండె కదా అని లోపల ఇంకొకడు అడుగుతానే ఉన్నాడు.

బాగేపల్లికి తీసుకుపోయి లాకప్పులో పెట్టినారు. విడిచినాక మేకల్ని గుట్ట ఎక్కనియ్యలేదు. వాటిని అమ్ముకొని, మొగుడూ పెండ్లాలు చింతామణి పక్క కూలికి పోయినారు. మేము ఆ గుట్టంతా బోడి చేసి ఇంకొక గుట్టకు పోయినాము. వానలకు మన్ను కొట్టుకొచ్చి ఊట పూడిపోయింది.

యుద్ధం ముగిసినాక వాళ్లను వెతుక్కుంటా పోయినాను. లక్ష్మమ్మ ఒక్కతే ఉండె. గంగులప్ప చచ్చిపోయినాడని చెప్పింది. చెంబుతో నీళ్లిచ్చి, ఇంత దూరం ఏం పని మీద వచ్చినావప్పా అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. అప్పుడు అర్థమైంది. పేరు చెప్పింది నేనని ఆయన ఆమెకు చెప్పనే లేదు.

చింతపండు బేరానికి వచ్చినానన్నాను. నీళ్లు తాగి లేచొచ్చినాను.

ఇప్పుడు ఆమె కూడా లేదు. గుట్ట ఇంకా బోడిగానే ఉండాది. ఎవరి కాళ్లు పట్టుకునేది? వంక అవతలి చెట్లు కొట్టించింది నేను. గంగులప్ప ఒక్కటి కూడా నరకలేదు. మన్నించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలోది కాదు. ఈ మాట నా నోటి నుంచి బయటికొచ్చింది. అంతే.