పిన్ మీద పడే బరువు

ఎనిమిదో తరగతిలో చదువూ నేనూ ఒకరితో ఒకరం విసిగిపోయి విడిపోయాం. ఆ తర్వాత చాలా ఏళ్ళు లారీ నడిపాను. అక్క నా కోసం పెట్టిన గ్రీన్ కార్డు ఫైలు పన్నెండేళ్ళు నిద్రపోయి, లేచి, నన్ను మిషిగన్‌లో దించింది. ఇక్కడ ట్రైలర్లు, అంటే పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరిగే చక్రాల ఇళ్ళు, అమ్మే యార్డులో పనిచేస్తాను. కొన్నవాళ్ళ ట్రక్కుకి ట్రైలర్ తగిలించి, బ్రేకులూ లైట్లూ చూసి సాగనంపడం నా ఉద్యోగం.

మా బావ ఇక్కడే నోవై ఊళ్ళో కార్ల సీట్లు డిజైన్ చేసిన ఇంజనీరు. రిటైరైన నెలలోనే మా యార్డులో ఒక ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొన్నాడు. మామూలు ట్రైలర్ ట్రక్కు బంపర్ దగ్గర తగులుకుంటుంది. దీని సంగతి వేరు. దీని మెడ ట్రక్కు తొట్టి మీదికి వచ్చి, అడుగున ఉన్న ఇనప పిన్నుతో అక్కడే కూర్చుంటుంది. అంటే ట్రక్కు దాన్ని లాగడమే కాదు, కొంత మొయ్యాలి కూడా. ఎంత లాగుతుందో ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఎంత మోస్తుందో డ్రైవర్ తలుపు పక్కన చిన్న కాగితం మీద ఉంటుంది. మనుషులు, సామాన్లు, పిన్ను మీద పడే బరువు, ఆ పిన్నుని పట్టుకునే హిచ్, అన్నీ కలిపి ఆ అంకె దాటకూడదు.

బావ ట్రక్కు మీది అంకె రెండు వేల రెండు వందల పౌండ్లు. ట్రైలర్ బ్రోషర్‌లో పిన్ను బరువు పదిహేను వందలు. బావ వీటిని ఎక్సెల్ షీట్‌లో వేసి, ఆకుపచ్చ రంగు కూడా అద్ది నాకు వాట్సాప్ చేశాడు. బ్రోషర్‌లో ఉన్నది ఖాళీ ట్రైలర్ లెక్క. ఖాళీ ట్రైలర్‌తో ఊరెళ్ళే తెలుగువాళ్ళని నేనింతవరకు చూడలేదు.

మొదటి ప్రయాణం టెనెస్సీ కొండలకి. అక్కడికి ఇంకో నాలుగు కుటుంబాలు వస్తాయి, వంట అక్కది. బియ్యం బస్తాలు, వెట్ గ్రైండరు, రెండు ఇనప పొయ్యిలు, పప్పుల డబ్బాలు, పది కేసుల నీళ్ళ సీసాలు, అన్నీ ట్రైలర్ ముందు అరలో సర్దింది. అక్కడైతే వంగక్కర్లేదు, నడుముకి సుఖం అంది. ఆ అర ఉండేది పిన్ను పక్కనే. అందులో పెట్టిన బరువు చాలావరకు ట్రక్కు వీపు మీదే పడుతుంది.

ఆ ఉదయం తగిలించింది నేనే. తగిలించకముందు ట్రక్కు ముందు చక్రం మీది అంచు ఎంత ఎత్తుందో, తర్వాత ఎంత ఉందో వేళ్ళతో కొలవడం నా అలవాటు. ట్రక్కు వెనక బెత్తెడు దిగింది. ముందు రెండు వేళ్ళు లేచింది. ముందు లేచిందంటే ముందు టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకోవు. లారీ రోజుల్లో దీన్ని స్టీరింగ్ తేలడం అనేవాళ్ళం.

"బావా, బరువెక్కువైనట్టుంది," అన్నాను.

"అరే బామ్మర్దీ, స్పెక్ షీట్ చదివింది నువ్వా నేనా? పద్నాలుగు వేలు పుల్ చేస్తుంది. మనది పదకొండే."

"లాగడం కాదు బావా, మొయ్యడం."

"మొయ్యడమా? మీ అక్కని ముప్పై ఏళ్ళుగా మోస్తున్నా. ఇదెంత?"

ఎవరు ఎవర్ని మోశారో నలుగుర్నీ అడుగుదాం పద అంది అక్క కిటికీలోంచి. అందరం నవ్వాం. అక్కడ ఆగాల్సిన నవ్వుని నేను పొడిగించాను.

"నీ ట్రక్కు అప్పుడే ముందు కాళ్ళెత్తి దండం పెడుతోంది బావా."

బావ పడీ పడీ నవ్వాడు. బావా బావమరిదీ మాట్లాడుకుంటే ఒకర్నొకరు ఆటపట్టించుకోవాలి, అది మా ఇంట్లో మర్యాద. నేనేనాడూ ఆయనతో సూటిగా ఒక్క మాట అనలేదు. ఆయనా నా మాట నిజమనుకుని ఒక్కరోజూ వినలేదు. తలుపు తెరిచి ఆ కాగితం చూపించడానికి అర నిమిషం చాలు. పదో తరగతి మొహం చూడనివాడు ఇంజనీరుకి అంకెలు చూపిస్తే ఎలా ఉంటుందోనని ఆగాను. ట్రైలర్ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్" అన్నాను.

టెనెస్సీలో కొండ దిగుతుంటే ట్రక్కు వెనక టైరు పేలింది. ట్రక్కు స్టీరింగ్‌కి లొంగలేదు. బావ అక్కడికక్కడే పోయాడు. అక్కకి తుంటి ఎముక విరిగింది. చూసినవాళ్ళందరూ టైరే కారణమన్నారు. అంత్యక్రియలకి వచ్చినవాళ్ళు రకరకాల టైర్ల గురించి మాట్లాడుకున్నారు. నేను కాఫీలు అందించాను.

ఇప్పుడు ఇండియన్ స్టోర్ ముందు ఏ ట్రక్కు ఆగినా నా వేళ్ళు దాని ముందు చక్రం దగ్గరికి పోతాయి. ఓనర్లు దొంగని చూసినట్టు చూస్తారు. యార్డులో ముందు రెండు వేళ్ళు లేచిన బండిని గేటు దాటనివ్వను. తూకం వేయించి చీటీ తెమ్మంటాను. తిట్టించుకుంటాను. హిచ్ దవడ పిన్ను మీద టక్కున మూసుకున్నప్పుడల్లా నా వెనక ఎవరో పడీ పడీ నవ్వుతారు. పట్టపగలు, పది మంది మధ్య. తిరిగి చూడను. బావ అక్కడ లేకపోతే ఫరవాలేదు. ఉంటే ఏం అనాలో తెలీదు.

వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టిన వారంలో అక్క అడిగింది. నేను ఆవిడకి ఉప్మా చేస్తున్నాను.

"దారిలో కెంటకీ వచ్చేదాకా మీ బావ నువ్వన్న దండం మాటే చెప్పి చెప్పి నవ్వారురా. ఆ రోజు నీకేమన్నా తేడా అనిపించిందా?"

"లేదక్కా."

"అదే. అనిపిస్తే చెప్పకుండా ఊరుకునే రకమా నువ్వు," అని ప్లేటు అందుకుంది.

రెండేళ్ళయింది. అక్క మళ్ళీ అడగలేదు. ఎవరైనా ట్రిప్పుకి వెళ్తున్నామంటే మాత్రం, మా తమ్ముడికి ఒకసారి చూపించుకోండి, వాడికి బాగా తెలుసు అని ఫోన్ నంబర్ ఇస్తుంది. వాళ్ళు వస్తారు. చూస్తాను.

నేను ఏం రాసినా అక్కే దిద్దుతుంది. ఒత్తులు నాకు ఇప్పటికీ కుదరవు. తప్పుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, ఫోటో తీసి పంపుతుంది. ఇది కూడా ముందు ఆవిడకే వెళ్తుంది. ఒత్తులు దిద్దడం అయ్యాక కింద ఏం రాస్తుందో నాకు తెలీదు.