అప్పలస్వామి అంకుల్ చెప్పిన మంచు లోతు

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడటానికి చాలా చిన్నది. ఒక సంఖ్యలో రెండంకెలు తారుమారు చేశాను, అంతే. నా భర్తకు చెప్పలేదు. మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో మా ఇంటికి వచ్చిపోయే స్నేహితులెవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి. ఇన్నేళ్లలో ఈ మాట ఒక్కసారి కూడా నా నోటి నుంచి బయటికి రాలేదు.

మాది అనంతపురం జిల్లా. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ దాన్ని పందొమ్మిది వందలు అనుకుంటాయని లోకమంతా హడలిపోతున్న రోజుల్లో, ఆ వైటూకే పని మీదే నేను మెల్‌బోర్న్ వచ్చాను. మా కంపెనీ నన్ను విక్టోరియా కొండల్లో ఉన్న ఒక చిన్న స్కీ రిసార్టుకు పంపింది. దాని పేరు చెప్పను. అక్కడ టికెట్ల యంత్రానికి జబ్బు చేసింది. మరుసటి చలికాలం దాకా చెల్లేలా అమ్మిన పాసుల మీద ఏడాది చోట రెండు సున్నాలు పడేవి. గేటు దగ్గరి యంత్రమేమో ఆ పాసు నూరేళ్ల కిందటే చెల్లిపోయిందని మనుషుల్ని వెనక్కి పంపేది. దాన్ని సరిచేశాను. ఆ తర్వాత మేనేజరు గ్రెగ్, చలికాలమంతా ఉండి రిసార్టుకు ఒక వెబ్‌సైటు కూడా చేసిపెట్టమన్నాడు. ఉన్నాను.

మొదటి మంచు పడిన ఉదయం నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. వాన అంటే చప్పుడు. రేకుల మీద, ఆకుల మీద, మట్టి మీద. నాకు తెలిసిన ఆకాశం ఏదిచ్చినా చప్పుడు చేస్తూనే ఇచ్చింది. ఆ రోజు తలుపు తీస్తే లోకం మొత్తం మారిపోయి ఉంది, నాకు ఒక్క అలికిడి కూడా వినపడలేదు. అక్కడి యూకలిప్టస్ చెట్లు, ఎర్రటి ఆకుపచ్చటి చారలున్న ఆ మెలికల మానులు, తెల్లటి బరువు కింద వంగిపోయి ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడిపోయాను. కాలు పెట్టి దాన్ని పాడుచేయాలనిపించలేదు.

"ఏటమ్మా అలగ నిలబడిపోనావు? తొక్కు, ఏటీ కాదు," అన్నారెవరో. తెలుగులో!

అలా పరిచయమయ్యారు అప్పలస్వామి అంకుల్. అక్కడివాళ్లకు ఆయన శామ్. జనాన్ని ఇనుప తాళ్ల మీద కొండ పైకి మోసే లిఫ్టులకు మెకానిక్కు. పుట్టింది ఫిజీలో, చెరకు మిల్లులో పనిచేశారు. ఎనభై ఏడులో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక ఇల్లూ వాకిలీ వదిలి ఇక్కడికి వచ్చారు. చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వెళ్లిన ముత్తాతలది విశాఖపట్నం వైపు ఏదో ఊరట. ఊరి పేరు ఆయనకు తెలియదు. వాళ్ల మామ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు మాత్రం ఉంది. దాన్ని మాట్లాడటానికి చాలా ఏళ్లుగా మనిషే దొరకలేదన్నారు. సముద్రపు ఒడ్డున చెరకు మధ్య పెరిగిన ఆ మనిషి రోజూ తెల్లవారగానే కొండ మీదికి నడిచి వెళ్లి, మంచులో పాతిన కొలత కర్ర దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆ రోజు లోతు ఎన్ని సెంటీమీటర్లో చూసేవారు. ఒకసారి చూసి ఊరుకునేవారు కాదు. చుట్టూ గాలి పోగేసిన మంచును చేత్తో సర్ది, మళ్లీ చూసేవారు. గుళ్లో దీపం ఒత్తి సర్దినంత జాగ్రత్తగా.

అంతకుముందు ఆయన ఒక పుస్తకంలో రాసేవారు. వెబ్‌సైటు వచ్చాక గ్రెగ్ ఆ పుస్తకం అక్కర్లేదన్నాడు. అంకుల్ కొండ మీంచే వాకీటాకీలో లోతు చెప్పాలి, నేను విని టైపు చేయాలి. మేమిద్దరం దాన్ని తెలుగులో చెప్పుకునేవాళ్లం. అది ఆయన సరదా. చిక్కేమిటంటే, మామ్మ ఆయనకు ఇరవై దాకానే నేర్పింది. మంచు పెరిగేకొద్దీ ఆయనకు అంకెలు కావలసి వచ్చాయి. "నూరు దాకా నేర్పీ తల్లీ. ఏమో, పడొచ్చు కదా," అన్నారు. మధ్యాహ్నం టీ వేళ కూర్చుని నేర్పాను. అరవై ఏళ్ల మనిషి, గ్రీజు మరకల చేతులతో వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ, ఎనభై దగ్గర తడబడి, నవ్వి, మళ్లీ మొదటినుంచి. ఒక ఉదయం ఇరవై అయిదు అనబోయి యాభై రెండు అన్నారు. నేను ఆశ్చర్యపోతే ఆయనే నాలుక కరుచుకుని దిద్దుకున్నారు. రోజంతా నవ్వుకున్నాం.

ఈ సంగతి గుర్తుంచుకోండి. నేనూ గుర్తుంచుకున్నాను. అదే నా నేరానికి పనికొచ్చింది.

ఆ వ్యాపారం ఎలాంటిదో చెప్పాలి. మా జిల్లాలో వేరుశనగ వేసిన ఏ రైతుకైనా అది చిటికెలో అర్థమవుతుంది. పది వారాల మంచు, ఏడాది తిండి. మంచు పడినా పడకపోయినా మనుషుల్ని ముందే పనిలోకి తీసుకోవాలి, లిఫ్టులు తిప్పాలి, వాలులు చదును చేసే బండ్లకు డీజిల్ పోయాలి, బీమా కట్టాలి. కృత్రిమంగా మంచు చిమ్మే యంత్రాలున్నాయి, కానీ వాటికీ చలి కావాలి, పొడిగాలి కావాలి. ఆ ఏడు గాలి తడిగా, వెచ్చగా ఉంది. యంత్రాలు నీళ్లే చిమ్మాయి. పక్క కొండ మీద పెద్ద రిసార్టు ఉంది. వాళ్ల అంకెలెప్పుడూ మాకంటే ఎక్కువే. ఇక ఇంటర్నెట్టు వచ్చాక నగరంలో ఆఫీసుల్లో కూర్చున్న కంప్యూటర్ ఉద్యోగులు శుక్రవారం తెర మీద లోతు చూసుకుని, ఏ కొండకు పోవాలో అప్పటికప్పుడు తేల్చుకునేవారు. బస్సుల వాళ్లూ అంతే. మా బతుకంతా ఆ ఒక్క అంకె మీద వేలాడుతోంది.

ఒక గురువారం గ్రెగ్ అందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టాడు. ఈ వారాంతం కూడా జనం రాకపోతే కింది లిఫ్టు ఆపేసి సగం మందిని ఇంటికి పంపక తప్పదన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ మాట చెబుతూ ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

మర్నాటి ఉదయం వాకీటాకీలో అంకుల్ గొంతు వచ్చింది. చలికి కాస్త వణుకుతూ, కానీ స్పష్టంగా.

"ముప్పై ఏడు, తల్లీ."

డెబ్బై మూడు అని కొట్టాను.

వేలు జారలేదు. జారిందని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. లేదు. మూడు ముందు కొట్టి, చెరిపేసి, ఏడు కొట్టాను. ఎందుకు? గ్రెగ్ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఇంటికి పంపబోయే వాళ్లలో అంకుల్ కూడా ఉండొచ్చనీ, ఆయన కోసమే చేశాననీ చాలాకాలం అనుకున్నాను. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ అంతకంటే లోపల ఇంకేదో ఉంది. ఆకాశం ఇవ్వనిదాన్ని నేను ఇవ్వగలనా అని చూడాలనిపించింది. ఒక్క వేలితో. ఇది రాస్తుంటే సిగ్గుతో చెవులు కాలుతున్నాయి.

శనివారం పొద్దున కిటికీలోంచి చూశాను. కింద లోయ నుంచి కొండ దాకా, ప్రతి మలుపులోనూ కార్లు. వాటి వెనక బస్సులు. పైకప్పుల మీద స్కీలు, కిటికీల్లో పిల్లల ముఖాలు. నిజం చెబుతున్నాను, మొదటి మంచు చూసినప్పుడు కలిగిన దిగ్భ్రమే మళ్లీ కలిగింది. ఇంతమంది నన్ను నమ్మి వస్తున్నారు. గ్రెగ్ కిటికీ దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. బయట ఎంత మంచుందో చూడటానికి అతనికీ కళ్లున్నాయి. ఏమీ అడగలేదు. ఆ రెండు రోజులూ జనం తాకిడికి అంకుల్ తెల్లవారకముందే లిఫ్టుల పనిలో దిగారు, కొలతకు వెళ్లలేదు, తెర మీద శుక్రవారం అంకే ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం కింది వాలులో ఒకావిడ పడిపోయింది. పలచటి మంచు కింద రాయి. మోకాలు చితికిపోయింది. నర్సుగా పనిచేసే మనిషి, బస్సులో స్నేహితులతో వచ్చింది. స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే ఆవిడ ఏడవలేదు. "వెబ్‌సైటులో డెబ్బై మూడని ఉంది కదా," అని మాత్రం మళ్లీ మళ్లీ అడిగింది. తర్వాత మూడు ఆపరేషన్లు అయ్యాయనీ, రోజంతా నిలబడలేక ఆసుపత్రి పని మానేసిందనీ విన్నాను.

సోమవారం బీమా కంపెనీ మనిషి వచ్చాడు. ఆ అంకె ఎక్కడిదని అడిగాడు. గ్రెగ్ నావైపు చూశాడు. నేను చెప్పిన మాట ఇది: "శామ్ వాకీటాకీలో మా భాషలో చెబుతాడు. నాకు వినపడిందే నేను టైపు చేశాను." అంతే. పుస్తకం లేదు, సాక్షి లేదు. ఆ భాష తెలిసినవాళ్లు కొండ మొత్తం మీద మేమిద్దరమే.

ఆ రోజు టీ వేళ అంకుల్ నా గదికి వచ్చారు. కూర్చోలేదు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

"తల్లీ, నాను కర్ర మీద ముప్పై ఏడే సూసినాను. బాగా గుర్తుంది. కానీ నోటితో ఏటన్నాను? నిజం సెప్పు."

ఆయన కోపంగా అడగలేదు. నన్ను అనుమానించి అడగలేదు. తెలుసుకోవడానికి అడిగారు. ఆ భాష తెలిసినదాన్ని అని, తనకు అంకెలు నేర్పినదాన్ని అని అడిగారు.

"డెబ్బై మూడనే అంటిరి అంకుల్," అన్నాను.

"డెబ్బయ్యా?"

"ఊఁ. నాకట్లనే వినపడింది."

ఆయన పెదవులు కదిలాయి. లోపల లెక్కపెట్టుకుంటున్నారు. ముప్పై, నలభై, యాభై... వేళ్లు మడుస్తున్నారు. నేను చూస్తూ ఉన్నాను. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని నా గుండె కొట్టుకుంటోంది.

"అయితే నాదే తప్పు. నాకు సరిగా రాదు కదా," అన్నారు. తర్వాత ఒక మాటన్నారు, అది నన్ను ఇప్పటికీ వదల్లేదు. "నీకు మాట పడ్డాదేమో. ఏటనుకోకు, తల్లీ."

నా కోసం బాధపడ్డారు! ఎలాంటి మనిషి ఆయన? కళ్లారా చూసినదాన్ని పక్కనపెట్టి తన నాలుకను అనుమానించుకున్నారు. అంత నిటారైన మనిషి అంత తేలిగ్గా వంగి తప్పు నెత్తిన వేసుకోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆ క్షణంలో నాకు భయం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా కలిగింది. ఆ ఆశ్చర్యంలోనే ఆయన్ని తలుపు దాటి వెళ్లిపోనిచ్చాను.

మర్నాటి నుంచి లోతు కొలిచే పని ఇంకొకరికిచ్చారు. ఆ సీజను అయ్యాక ఆయన్ని మళ్లీ పిలవలేదు. మిగిలిన వారాల్లో ఆయన నాతో ఇంగ్లీషులోనే మాట్లాడారు. కోపంతో కాదు. మర్యాదగా, జాగ్రత్తగా, ఇంకెవరికీ తన వల్ల ఇబ్బంది రాకూడదన్నట్టు. నేను తెలుగులో పలకరిస్తే నవ్వి, ఇంగ్లీషులో జవాబిచ్చేవారు.

కొన్నేళ్ల తర్వాత మెల్‌బోర్న్ శివార్లలోని కేరమ్ డౌన్స్ గుళ్లో కనిపించారు. "బాగుండారా అంకుల్?" అన్నాను. "ఐయామ్ గుడ్, లవ్. మై తెలుగు ఈజ్ నో గుడ్, యు నో దట్," అన్నారు నవ్వుతూ. ప్రసాదం దొన్నె నా చేతిలో పెట్టి, క్యూలో ముందుకు కదిలిపోయారు. అక్కడ చెప్పాల్సింది. దేవుడి ఎదుటే. చెప్పలేదు.

ఈ ఏడాది ఆయన పోయారని తెలిసింది. క్రాన్‌బర్న్‌లో కూతురు ఇంటికి వెళ్లాను. ఆవిడ టీ ఇచ్చింది. నేనెవరో చెబితే ముఖం వెలిగింది. "యు ఆర్ ద తెలుగు గర్ల్ ఫ్రమ్ ద స్నో!" అంది. నాన్న నా గురించి చాలాసార్లు చెప్పేవారట. నా తెలుగు ఎంత అందంగా ఉండేదో చెప్పేవారట. మనవలు తెలుగు ఒక్క ముక్క నేర్పమని ఎంత బతిమాలినా నేర్పలేదట. "హి వాజ్ స్కేర్డ్ హి వుడ్ టీచ్ దెమ్ రాంగ్," అంది ఆవిడ.

మనవడు హాల్లో టీవీ చూస్తున్నాడు. ఆవిడ నన్ను మళ్లీ రమ్మంది, గుమ్మం దాకా వచ్చి కౌగిలించుకుంది. నేను కారెక్కి ఇంటికి వచ్చేశాను.

ఆ నర్సు మోకాలికి నేను బాధ్యురాలిని. అది నాకు మొదటినుంచీ తెలుసు, మోస్తూనే ఉన్నాను. కానీ ఆ రెండోది, ఆ ఇంట్లో కూర్చునేదాకా దాని కొలత నాకు తెలియలేదు. సముద్రాలు దాటి, చెరకు తోటలు దాటి, నాలుగు తరాలు ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి మోసుకొచ్చినదాన్ని నేను ఒక టీ వేళ ఆపేశాను. "డెబ్బై మూడనే అంటిరి" అన్న మూడు మాటలతో.

ఇది ఇంగ్లీషులోకి మార్చి ఆవిడకు పంపుతానా? తెలియదు. పంపాలని ఈ పొద్దున అనిపించింది, ఇప్పుడు చేతులు చల్లబడ్డాయి. రేపు ఏమనిపిస్తుందో. క్షమించమని అడగడానికి ఆయన లేరు, ఆయన తరఫున క్షమించే హక్కు మీకూ లేదు, కాబట్టి ఆ మాట ఎత్తను. ఆయన సరిగ్గానే చెప్పారు. ఆయన తెలుగులో తప్పేమీ లేదు. నేనే అబద్ధం చెప్పాను. ఇంత చిన్న వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక పైకి ఒకసారి చదివాను, ఖాళీ ఇంట్లో, నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇంకోసారి చదివాను.