నాట్యశాల నేల మీది గీతలు

జర్మనీలో పోట్స్‌డామ్ ఊరి అవతల, సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న మహలుకి ఎవరొచ్చినా ముందు ఎదురయ్యేది రోస్విత పాష్కేనే. బూట్ల మీదే తొడుక్కునే ఉన్ని జోళ్లు పెట్టె నిండా పోసుకుని గుమ్మంలో కూచుంటుంది. అవి లేకుండా లోపలి చెక్కనేల మీద అడుగు పెట్టనివ్వదు.

“కాలెత్తకండి, ఈడ్చండి! టిక్కెట్టు కొనుక్కుని మరీ మా నేల తుడిచిపెడుతున్నారు, సంతోషం” అంటుంది.

నాట్యశాలలో కిటికీ నుంచి గోడ దాకా రెండు లోతైన గీతలున్నాయి. ఇష్టపడిన పిల్ల మరొకడితో నాట్యమాడుతుంటే ఓర్వలేక, ఒక సేనాపతి బూటు మడమల ఇనుపముళ్లు నేలకేసి ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడని రోస్విత ముప్ఫయ్యొక్కేళ్లుగా చూడొచ్చినవాళ్లకి చెబుతోంది. పాత ఉద్యోగులు నేర్పిన కథ అది. జనం నవ్వుతారు, ఫొటోలు తీసుకుంటారు.

ఆ వసంతంలో నేల బాగుచేయడానికి ఎక్‌హార్ట్ నీమన్ అనే వడ్రంగి వచ్చాడు. మోకాళ్ల మీద కూచుని గీతల్ని వేలితో తడిమాడు.

“సేనాపతీ లేడు, ఆయన ముళ్లూ లేవు పాష్కే గారూ. ఇంత తిన్నగా, పక్కపక్కనే పోయాయంటే ఇవి ఇనుపమంచం కోళ్ల గీతలే. యుద్ధం అయ్యాక ఎవరో మొరటు మనుషులు ఈడ్చి ఉంటారు. సోమవారం ఈ పలకలు పీకేసి కొత్తవి వేస్తాను.”

ఆ మంచం లాగింది రోస్విత వాళ్లమ్మ హెల్మ్‌ట్రూడ్. యుద్ధంలో ఓడాక తూర్పు ప్రాంతాల నుంచి జర్మన్లని తరిమేస్తే, అలా వచ్చిన పదకొండు కుటుంబాలు ఆ హాల్లో దుప్పట్లు అడ్డం కట్టుకుని బతికాయి. పగిలిన కిటికీ చలిగాలి పసిదానికి తగులుతుందని, బాలింత ఒంటరిగా మంచాన్ని గోడ దాకా ఈడ్చుకుంది. ఆ పసిది రోస్వితే. అమ్మ ఒకే ఒక్కసారి మహలు చూడవచ్చింది. అందరి వెనకా నిలబడి కూతురు చెప్పే సేనాపతి కథంతా విని, ఇంటికెళ్లాక “బాగా చెప్పావే” అంది. అంతే.

ఇప్పుడు నిజం చెప్పాలంటే ముప్ఫయ్యొక్కేళ్ల అబద్ధం ఒప్పుకోవాలి. చెప్పకపోతే పీకేసిన పలకలతో పాటు అమ్మ ఆనవాలూ పొయ్యిలోకి పోతుంది. ఆదివారం మూడు గుంపులకి ఆ కథే చెప్పింది, మూడుసార్లూ మధ్యలో తడబడింది.

సోమవారం మహలుకి సెలవు. అయినా పొద్దున్నే వచ్చేసింది. నీమన్ అప్పటికే ఉలి చేతబట్టాడు.

“ఆగండి. మొరటు మనుషులు కాదు, మా అమ్మ” అని మొత్తం చెప్పింది.

అతను ఉలి పక్కన పెట్టాడు.

“పుచ్చినవి ఎలాగూ తీయక తప్పదు. గోడ దగ్గరవి నాలుగు గట్టిగా ఉన్నాయి, ఉంచేస్తాను. పని చిట్టాలో కారణం రాయాలి గదా, ఏమని రాయను?”

“అమ్మ పేరు రాయండి.”

పని పూర్తయి హాలు తెరిచిన రోజున, ఇదివరకొచ్చిన పెద్దాయన ఒకాయన భార్యని వెంటబెట్టుకొచ్చాడు. “ఆ సేనాపతి సంగతి చెప్పండమ్మా, ఈవిడ కోసమే వచ్చాం.”

“సేనాపతి లేడండీ. మా అమ్మ ఉంది” అంటూ రోస్విత మొదలుపెట్టింది.

అంతా విని ఆయన “పాత కథే బాగుండేది” అని గొణిగాడు.

“బాగానే ఉండేది” అని ఒప్పుకుంది రోస్విత.

ఆయన భార్య మాత్రం ఉన్ని జోళ్లు ఈడ్చుకుంటూ, ఆ నాలుగు పలకల మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వెళ్లింది.